ఇంగ్లీషు చదివి ఏం చేస్తది బిడ్డ?

ఇంటర్ ఫలితాలు వచ్చిన వారంలో మా వెనకింటి అక్క బీడీల చాట పట్టుకునే వచ్చి మా గడప మీద కూచుంది. కోరుట్లలో ఇది వింతేమీ కాదు. ముచ్చట ముచ్చటే, చేతి పని చేతి పనే. తునికాకు కత్తిరిస్తూ, తల ఎత్తకుండా అడిగింది.

"చెల్లె, నువ్వు కథలు రాస్తవు, నాలుగు పుస్తకాలు సదివినదానివి. మా బిడ్డ బి.ఏ.ల ఇంగ్లీషు తీసుకుంటనంటుంది. వాళ్ళ మేనమామేమో కంప్యూటర్ల బీకాం చెయ్యమంటున్నడు, లేకుంటే సంబంధం చూస్తనంటున్నడు. వాళ్ళ నాయన దుబాయి నుంచి ఫోన్ల 'మీ ఇష్టం' అని ఊకున్నడు. ఇంగ్లీషు చదివి ఏం చేస్తది బిడ్డ?"

చటుక్కున జవాబు చెప్పలేకపోయాను. ఎందుకంటే ఈ ప్రశ్న నన్ను కూడా ఒకప్పుడు అడిగారు. అప్పుడు మా ఇంట్లో ఎవరి దగ్గరా జవాబు లేదు. నేను 2007లో డిగ్రీ పూర్తి చేశాను. ఇంగ్లీషు సాహిత్యం ఇష్టంగానే చదివాను. అయితే హైదరాబాద్‌లో ఇంగ్లీషు భాష కోసమే 1958 నుంచీ ఒక పెద్ద సంస్థ ఉందని పెళ్ళయిన రెండేళ్ళకు గానీ నాకు తెలియలేదు. పాఠాలు చెప్పిన వాళ్ళు చెప్పలేదు, నేనూ అడగలేదు. అడగాలని తెలిస్తే కదా!

అంచేత ఈసారి జగిత్యాల, సిరిసిల్లలో తెలిసినవాళ్ళనీ, టీచర్లుగా ఉన్న స్నేహితురాళ్ళనీ కదిలించి, ప్రకటనలు ముందేసుకుని కూచున్నాను. తేలిన సంగతులు మీతోనూ పంచుకుందామని ఇది రాస్తున్నాను.

ఇంగ్లీషు రావడం వేరు, ఇంగ్లీషు చదవడం వేరు

ముందు ఈ తేడా మనకు తెలియాలి. గలగలా ఇంగ్లీషు మాట్లాడటం ఒక నైపుణ్యం. బీకాం పిల్లకైనా, నర్సింగ్ పిల్లకైనా అది కావలసిందే. ఇంగ్లీషును ఒక శాస్త్రంగా, సాహిత్యంగా చదవడం మరొకటి. డిగ్రీలో అందరికీ ఇంగ్లీషు ఒక తప్పనిసరి పేపరుగా ఉంటుంది. దాన్ని చూసి "మా అమ్మాయి ఇంగ్లీషు చదువుతోంది" అనుకుంటే పొరపాటు. ఐచ్ఛిక విషయంగా, అంటే మూడు ప్రధాన సబ్జెక్టుల్లో ఒకటిగా, ఇంగ్లీషు సాహిత్యం ఉందా లేదా అన్నది చూసుకోవాలి. అన్ని కాలేజీల్లో అది ఉండదు. రేపు బి.ఎడ్.కో, టీచరు పోస్టుకో వెళ్ళినప్పుడు అర్హత దగ్గర ముందుగా చూసేది దీన్నే. 'దోస్త్'లో కాలేజీల వరస పెట్టేటప్పుడు ఊరు దగ్గరా దూరమా అని చూస్తున్నాం గానీ, సబ్జెక్టుల కలయిక చూస్తున్నవాళ్ళు ఎంతమంది?

టీచరు ఉద్యోగం: మంచి దారే, ఒక్కటే దారి కాదు

మన వైపు ఇంగ్లీషు అనగానే అందరికీ తోచేది టీచరు ఉద్యోగం. తప్పేమీ లేదు. 2022-23 నుంచి సర్కారు బడుల్లో ఇంగ్లీషు మీడియం విస్తరించింది కాబట్టి ఇంగ్లీషు బాగా చెప్పగల టీచర్ల అవసరం పెరిగింది కూడా.

కాని లెక్క వేసుకుందాం. డిగ్రీ మూడేళ్ళు, బి.ఎడ్. రెండేళ్ళు. పైన టెట్. ఆ తర్వాత నోటిఫికేషన్ కోసం ఎదురుచూపు. తెలంగాణలో 2017లో టి.ఆర్.టి. పేరుతో 8,792 పోస్టులకు ప్రకటన వచ్చింది. ఆ తర్వాత 2023లో 5,089 పోస్టులకు ఒక ప్రకటన ఇచ్చి రద్దు చేశారు. చివరికి 2024లో 11,062 పోస్టులతో డీఎస్సీ జరిగింది. అంటే 2018లో బి.ఎడ్. చేతికొచ్చిన ఆడపిల్ల ఆరేళ్ళు ఆగింది. ఆ ఆరేళ్ళలో పెళ్ళి, ఒకరో ఇద్దరో పిల్లలు. పరీక్ష వచ్చే వేళకు పుస్తకం ఏ మూల ఉందో వెతుక్కునే పరిస్థితి.

నా స్నేహితురాలు ఒకామె ఆ ఆరేళ్ళూ ఒక ప్రైవేటు బడిలో చెప్పింది. జీతం ఎంత అని అడిగితే నవ్వేసి, "ఆటో కిరాయి పోను అడుగు" అంది.

అలాగని టీచరు దారి వదలమని కాదు. ఆ ఒక్క దారి మీదే బతుకు పెట్టుకోవద్దని చెప్పడం. బి.ఎడ్. చదువుతూనో, ఖాళీగా ఉన్నప్పుడో ఎం.ఏ. పూర్తి చేసుకుంటే కాలేజీ పోస్టులకు కూడా పోటీ పడవచ్చు. డిగ్రీ కాలేజీల్లో చెప్పాలంటే నెట్ గానీ సెట్ గానీ గట్టెక్కాలి. నెట్‌లో మంచి ర్యాంకు వస్తే పరిశోధనకు ఫెలోషిప్పు కూడా దొరుకుతుంది. నెట్‌లో ఇంగ్లీషుకు ఒక పేపరు, భాషాశాస్త్రానికి వేరుగా మరో పేపరు ఉన్నాయి. ఈ రెండోదాని సంగతి మన పిల్లలకు చెప్పేవాళ్ళే తక్కువ.

మాటలకూ ఒక శాస్త్రం ఉంది

భాషాశాస్త్రం అంటే ఏమిటి? మనిషి నోట మాట ఎలా పుడుతుంది, పదం ఎలా తయారవుతుంది, జగిత్యాలలో ఒకలా, గుంటూరులో ఇంకోలా ఎందుకు అంటారు, పసిపిల్ల రెండేళ్ళకే మాటలు ఎలా నేర్చుకుంటుంది... వీటన్నిటినీ పరిశీలించే శాస్త్రం.

"ఇది మనకెందుకు?" అనుకోకండి. ఉస్మానియాలో భాషాశాస్త్ర శాఖకు పునాది వేసిన భద్రిరాజు కృష్ణమూర్తిగారు తెలుగు వృత్తి పదాలను ఊరూరా సేకరింపజేసి మాండలిక వృత్తి పదకోశం తెచ్చారు. 1962లో వచ్చిన మొదటి సంపుటి వ్యవసాయ పదాలది. 1971లో వచ్చిన రెండోది చేనేత పదాలది. పడుగు, పేక, నాడె, కండె, ఆసు... సిరిసిల్లలో మన అమ్మమ్మలు రోజూ అన్న ఇలాంటి మాటలే విద్వాంసులకు పరిశోధన విషయమయ్యాయి. మరమగ్గాన్ని 'సాంచె' అనే ఊరిలో పుట్టిన పిల్ల భాషాశాస్త్రం చదివితే, ఆమె దగ్గర పుట్టుకతో వచ్చిన పెట్టుబడి ఉన్నట్టే లెక్క.

ఈ చదువు మనకు అందనంత దూరంలోనూ లేదు. ఉస్మానియాలో ఎం.ఏ. భాషాశాస్త్రం ఉంది. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో అనువర్తిత భాషాశాస్త్రానికీ అనువాదానికీ కలిపి ఒక కేంద్రమే ఉంది. నేను ఆలస్యంగా విన్నానని చెప్పిన 1958 నాటి సంస్థ 1972లో విదేశీ భాషలనూ చేర్చుకుంది, 2007లో కేంద్రీయ విశ్వవిద్యాలయమైంది. దాన్నే ఇప్పుడు ఇఫ్లూ అంటున్నారు. అక్కడ ఇంగ్లీషుతోపాటు అరబ్బీ, ఫ్రెంచి, జర్మన్ వంటి భాషలూ నేర్పుతారు. ఇంటికొకరు గల్ఫ్‌లో ఉన్న మన ఊళ్ళలో అరబ్బీ చదివిన ఆడపిల్లలు ఎంతమంది ఉన్నారు? నాన్న సంతకం పెట్టిన ఒప్పంద పత్రంలో ఏముందో చదివి చెప్పగల బిడ్డ ఇంట్లో ఉంటే ఎంత ధైర్యం! ఉర్దూ ఇంట్లో వినిపించే కోరుట్ల, జగిత్యాల పిల్లలకు 1998లో ఏర్పడ్డ మౌలానా ఆజాద్ ఉర్దూ విశ్వవిద్యాలయంలో అనువాద కోర్సు ఉంది.

ఒక హెచ్చరిక కూడా చెప్పాలి. మాటలు సరిగా రాని పిల్లలకు వైద్యం చేసే స్పీచ్ థెరపీ చదువు వేరు. దానికి ఇంటర్‌లో సైన్సు చదివి ఉండాలి. భాషాశాస్త్రం ఎం.ఏ. చేస్తే అది చేయవచ్చని ఎవరైనా చెబితే నమ్మకండి.

యంత్రం వచ్చిందిగా, ఇంకా అనువాదకులెందుకు?

ఇది మేనమామ వేసిన ప్రశ్న. కొట్టిపారేయదగ్గది కాదు. 2022 చివర్లో చాట్‌జీపీటీ వచ్చాక ఇంగ్లీషులో ఉత్తరం రాయడం, ఒక పేజీ అటునుంచి ఇటు మార్చడం సెల్‌ఫోన్ పనైపోయింది. విన్నది విన్నట్టు టైపు చేయడం, కంపెనీల వెబ్‌సైట్లకు మామూలు వ్యాసాలు రాయడం వంటి పనులు నిజంగానే తగ్గుతున్నాయి. వాటినే నమ్ముకుని ఇంగ్లీషు డిగ్రీ చేస్తే దెబ్బతింటాం.

మరి మిగిలేదేమిటి? యంత్రం చేసినదాన్ని చదివి, ఇది తప్పు, ఇది ఒప్పు అని పూచీ పడగలిగే మనిషి. సుప్రీంకోర్టు 2019లో తీర్పుల అనువాదానికి 'సువాస్' అనే యంత్ర సాధనం తెచ్చుకుంది. అయినా అది ఇచ్చిన ప్రతిని మనుషులు సరిచూస్తున్నారు. జైలు ఎవరికో, భూమి ఎవరిదో తేల్చే కాగితంలో ఒక్క 'కాదు' జారిపోతే ఏం కావాలి? మందుల కాగితం, పాఠ్యపుస్తకం, బీమా పత్రం కూడా అంతే.

రెండో సంగతి. యంత్రానికి భాష నేర్పేదీ మనుషులే. కేంద్రం 2022లో 'భాషిణి' పేరుతో భారతీయ భాషలకు యంత్రానువాద సదుపాయం మొదలుపెట్టింది. మైసూరులో 1969 నుంచీ ఉన్న భారతీయ భాషల కేంద్ర సంస్థ మన భాషల మాటలనూ రాతలనూ యంత్రాల కోసం పోగుచేస్తోంది. సెల్‌ఫోన్‌తో పుస్తకాల తెలుగులో మాట్లాడితే అర్థం చేసుకుంటుంది. మా అక్కలా "గిట్లెందుకైతుంది" అంటే తికమక పడుతుంది. ఆ తేడా పూడ్చాలంటే ఇంగ్లీషూ రావాలి, మన యాసా రావాలి, భాష నడిచే తీరూ తెలియాలి. ఈ మూడూ ఉన్న పిల్లలకు విలువ ఉంది.

ఇక్కడే మనం ఒక పొరపాటు చేస్తున్నాం. ఇంగ్లీషు చదివే పిల్లకు తెలుగు ఎందుకని తెలుగును వదిలిస్తున్నాం. సిరిసిల్ల దగ్గరి హనుమాజీపేటలో పుట్టిన సి. నారాయణరెడ్డిగారు ఉర్దూ మీడియంలో చదువుకున్నారు, తెలుగు కవిత్వానికి 1988 జ్ఞానపీఠం తెచ్చారు. ఉమ్మడి కరీంనగర్ జిల్లా వంగర బిడ్డ పి.వి. నరసింహారావుగారు 'వేయిపడగలు'ను హిందీలోకి, ఒక మరాఠీ నవలను 'అబల జీవితం'గా తెలుగులోకి తెచ్చారు. ఒక భాష మరో భాషకు అడ్డం రాదు. ఒక్కటే భాష వచ్చిన అనువాదకుడు ఎక్కడా ఉండడు.

ఏ ఏడు ఏం చేయాలి?

ఇంటర్ రెండో ఏడు: కేంద్రీయ విశ్వవిద్యాలయాలకు 2022 నుంచి సీయూఈటీ అనే ఉమ్మడి పరీక్ష ఉంది. దీని దరఖాస్తు గడువు ఇంటర్ ఫలితాలు రాకముందే ముగుస్తుంది. "ఫలితాలు రానీ, చూద్దాం" అనుకునే ఇళ్ళలో సీటు అక్కడే పోతోంది. మా అక్క బిడ్డకు కూడా అలాగే పోయింది.

డిగ్రీ మొదటి ఏడు: ఇంగ్లీషు, తెలుగు పత్రికలు రెండూ రోజూ చదవాలి. ఒక పేజీ అటు నుంచి ఇటు, ఇటు నుంచి అటు రాయడం అలవాటు చేసుకోవాలి.

రెండో ఏడు: కంప్యూటర్ మీద తెలుగు టైపింగ్, లెక్కల పట్టికలు నేర్చుకోవాలి. వేసవిలో చిన్న పిల్లలకు ఇంగ్లీషు చెప్పి చూడాలి. టీచరు పని తనకు నచ్చుతుందో లేదో అప్పుడే తెలిసిపోతుంది.

ఆఖరి ఏడు: ఎం.ఏ. కోసం రాష్ట్ర విశ్వవిద్యాలయాల సీపీగెట్, సెంట్రల్ వాటి ప్రవేశ పరీక్షలు, బి.ఎడ్.కు ఎడ్‌సెట్. మూడింటి తేదీలూ గోడ క్యాలెండర్ మీద రాసి పెట్టుకోవాలి. రూలు ఏటా మారవచ్చు కాబట్టి ఆ ఏడాది ప్రకటనే చూడాలి, పక్కింటి పిల్ల చెప్పింది కాదు.

డబ్బు సంగతి. బీడీ కార్మికుల పిల్లల చదువుకు కేంద్ర కార్మిక శాఖ ఆర్థిక సాయం ఉంది. జాతీయ స్కాలర్‌షిప్ పోర్టల్‌లో దరఖాస్తు పెట్టుకోవాలి. బీడీలు చుట్టే తల్లులారా, మీ గుర్తింపు కార్డు పెట్టె అడుగున పడేసి ఉంచకండి.

పెళ్ళై చదువు ఆగిన వాళ్ళకూ తలుపు మూసుకుపోలేదు. అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం, ఇగ్నో రెండింటిలోనూ ఎం.ఏ. ఇంగ్లీషు ఇంట్లో ఉండి చదువుకోవచ్చు.

అక్కకు నేను చెప్పింది

ఇదంతా అక్కకు పూసగుచ్చినట్టు చెప్పాను. జగిత్యాల ఎంత దూరమో, హైదరాబాద్ అయితే హాస్టలెట్లనో, ఆడపిల్లను ఒంటరిగా ఎట్ల పంపాలో... ఆమె భయాలు ఆమెకున్నాయి. అవి ఉత్త భయాలని నేననను. కాని మూడేళ్ళ డిగ్రీని 'సంబంధం వచ్చేదాకా' అని పెట్టుకుంటే, ఏ సబ్జెక్టు తీసుకున్నా ఒకటే. నా డిగ్రీ అట్లనే పోయింది. ఆ మాట కూడా అన్నాను.

అక్క చాలాసేపు మాట్లాడలేదు. దారం చుడుతూనే ఉంది. తర్వాత అడిగింది. "మగ్గం మాటలన్నీ పుస్తకంల రాసిన్రంటివి గదా. మరి మా బీడీల మాటలు సుత రాస్తరా?"

"రాసేటోళ్ళు ఉంటే రాస్తరక్కా" అన్నాను.

వాకిట్లో నిలబడి అంతా వింటున్న ఆమె బిడ్డ అప్పుడు లోపలికొచ్చింది. "చిన్నమ్మా, దోస్త్‌ల జగిత్యాల పెడుతున్న. ఇంగ్లీషు సాహిత్యం ఉన్న కలయిక ఏదో జర చూసి చెప్పవా?"

అక్క వద్దనలేదు. ప్రస్తుతానికి నాకు అది చాలు. మీ ఇంట్లోనూ ఇంటర్ పాసైన పిల్ల ఉంటే, సంబంధాల డైరీ తెరిచే ముందు ఒకసారి ఆ కాలేజీల పట్టిక తెరిచి చూడండి.