గ్రహణం చెప్పిన సాక్ష్యం

మొన్న ఆదివారంనాడు మన సంఘ మిత్రులొకరు మా ఇంటికి వచ్చి, కుర్చీలో కూర్చోకముందే మొదలుపెట్టారు. "మాస్టారూ, మీరైనా మా అమ్మాయికి నచ్చజెప్పండి. లెక్కల్లో ఎప్పుడూ మొదటిస్థానంలో ఉండే పిల్ల, ఇప్పుడు చరిత్ర చదువుతానంటోంది. శాసనాలు పరిశోధిస్తుందట! బూజు దులిపే చదువు గాకపోతే ఏమిటండీ ఇది?" అమ్మాయి గుమ్మం దగ్గర నిలబడి నవ్వుతోంది. కాఫీ వచ్చేలోపల వారికి చెప్పిన కబురునే ఈ నెల పాఠకులకు కూడా మనవి చేస్తున్నాను.

వెనకటివారు గుడికో, పండితుడికో భూమి ఇచ్చేటప్పుడు పుణ్యకాలం చూసుకుని ఇచ్చేవారు. గ్రహణంనాటి దానానికి ఫలం మెండని నమ్మకం. అందుచేత తెలుగు, కన్నడ శాసనాల్లో సూర్యగ్రహణం, సోమగ్రహణం మాట తరచు కనిపిస్తుంది. శకవర్షం, మాసం, తిథి, వారం కూడా చెక్కిస్తారు. ఇంకనేం, తేదీ తేలిపోయిందనుకుంటాం. తేలదు. ఆ శకవర్షం గడిచినదా, నడుస్తున్నదా? అధికమాసం ఎక్కడ పడింది? సంవత్సరం పేరు ఒక్కటే ఉంటే, అది అరవై ఏళ్ల కొకసారి మళ్లీ మళ్లీ వస్తూనే ఉంటుంది. చెక్కినవాడు పొరబడి ఉండవచ్చు కూడా. అలాంటప్పుడు గ్రహణమే పెద్ద సాక్షి. ఆ అమావాస్యనాడు గ్రహణం పట్టిందో లేదో గణితం చెబుతుంది. ఆకాశానికి మొగమాటం లేదు గదా!

విజయనగర చరిత్రను 1900లో వెలువరించిన రాబర్టు స్యూయల్ దొర, అప్పట్లో మద్రాసు రాజధానిలో ఉన్న బళ్లారికి కలెక్టరుగా పనిచేసినవాడు. ఈ తేదీల చిక్కు ఆయనను వదలలేదు. పుణేలో ఉపాధ్యాయుడుగా ఉన్న శంకర బాలకృష్ణ దీక్షిత్ అనే మరాఠీ పండితుణ్ణి తోడు చేసుకుని, 1896లో 'ది ఇండియన్ కాలెండర్' అనే గ్రంథం ప్రకటించాడు. దానికి సూర్యగ్రహణాల పట్టికలు కట్టి ఇచ్చినవాడు వియన్నాకు చెందిన రాబర్టు ష్రామ్. తరవాత మద్రాసులో స్వామికన్ను పిళ్లె 1922లో 'ఇండియన్ ఎఫిమెరిస్' సంపుటాలు వెలువరించాడు. వీరిలో ఎవరిది చరిత్ర, ఎవరిది గణితం అని గీత గీయబోతే చెయ్యి వణుకుతుంది.

శివమొగ్గ సీమలో గౌజ అగ్రహారపు తామ్రశాసనం ఒకటి ఉంది. దాత సాక్షాత్తు జనమేజయుడట! సర్పయాగం చేసినప్పుడు, సూర్యగ్రహణ పుణ్యకాలంలో అగ్రహారం ఇచ్చాడట. దాని కాలం తేల్చడానికి ఆ గ్రహణం లెక్క గ్రీనిచ్ నక్షత్రశాల అధిపతి ఎయిరీ దాకా వెళ్లింది. ఆయన గుణించి 1521 ఏప్రిల్ 7 అన్నాడు. ఆ లెక్కమీద తరవాత వాదోపవాదాలు లేకపోలేదుగాని, జనమేజయుడు మాత్రం మళ్లీ లేవలేదు. "1521 అంటే కృష్ణదేవరాయల కాలం గదండీ!" అని మా మిత్రులు గట్టిగా నవ్వారు. నవ్వవలసిందే. అయితే రాగిరేకు వెనక సాధారణంగా భూమి తగాదా ఉంటుంది. దొంగరేకు నిజమైతే ఎవరి పొలమో పోతుంది.

"సరే, చరిత్రకు గణితం కావాలి, ఒప్పుకున్నాను. గణితానికి చరిత్ర ఎందుకు?" అన్నారు వారు.

క్రీస్తుపూర్వం 136 ఏప్రిల్ 15న బాబిలోనులో సంపూర్ణ సూర్యగ్రహణం పట్టింది. పగటిపూట శుక్రుడు, బుధుడు, కుజుడు, గురుడు కనబడ్డారని అక్కడివారు మట్టిపలకలమీద రాసిపెట్టుకున్నారు. భూమి ఎప్పుడూ ఇప్పటి వేగంతోనే తిరుగుతూ వచ్చిందనుకుని వెనక్కి లెక్కకడితే, ఆ నీడ బాబిలోనుమీద పడదు. దాదాపు 48 డిగ్రీలు పడమటగా, ఎక్కడో స్పెయిన్ వైపుకు జరిగిపోతుంది. పలక అబద్ధమా? కాదు. భూమే నెమ్మదించింది. రోజు పొడవు శతాబ్దానికి సెకండులో వెయ్యోవంతులు రెండింటికి కొంచెం తక్కువగా పెరుగుతోందని డర్హాం విశ్వవిద్యాలయపు స్టీఫెన్‌సన్, ఆయన సహచరులు ఇటువంటి రాతలనుంచే తేల్చారు. అంత చిన్న తేడా రోజురోజుకూ కూడుతూ రెండువేల ఏళ్లకు మూడుగంటలు దాటింది. చంద్రుడు లేపే ఆటుపోట్లు భూమికి పగ్గం వేస్తున్నాయి. ఆ పగ్గం ఒక్కటే అయితే ఇంకా ఎక్కువ నెమ్మదించాలి. మిగిలిన తేడాకు, హిమయుగం నాటి మంచు కరిగి బరువు తగ్గిన నేల ఇంకా పైకి లేస్తుండడం ముఖ్యకారణమని భూశాస్త్రజ్ఞుల మాట.

"ఆ పలకలు చదివిందెవరు తాతగారూ?" అంది అమ్మాయి, తెలియనట్టు.

మా మిత్రుల పూర్వులది గుంటూరు సీమ. ఆ పౌరుషం అప్పుడు బయటికొచ్చింది. "మా గుంటూరులో గ్రహణం చూసి హీలియం కనిపెట్టారు. పరిశోధనంటే అదీ!" అన్నారు. ఏమాటకామాటే చెప్పుకోవాలి. 1868 ఆగస్టు 18న ఫ్రెంచి పండితుడు జాన్సెన్ గుంటూరులో ఆ గ్రహణం చూసిన మాట నిజం. సూర్యుడి అంచున లేచే జ్వాలలను గ్రహణం లేకుండానే చూసే ఉపాయం ఆయనకు అక్కడే తట్టింది. మర్నాడే చూశాడు కూడా. ఆ వెలుగులోని పసుపుపచ్చ గీత కొత్త మూలకానిదన్న వాదం మాత్రం ఇంగ్లండులో లాకియర్‌ది. భూమిమీద దాన్ని పట్టుకున్నది 1895లో రామ్సే. ఎవరు ఏది చూశారో ఈనాడు మనం విడదీసి చెప్పగలగడం కూడా, ఆనాటి ఉత్తరాలు, నివేదికలు ఎవరో ఓపికగా వెతికి చదివినందువల్లనే.

వారు కాసేపు మాట్లాడలేదు. కాఫీ చల్లారింది.

"మా పెదనాన్నగారింట్లో అటకమీద రాగిరేకు ఒకటుంది," అన్నారు చివరికి. "దాంట్లోనూ గ్రహణం మాట ఉందేమో!"

"ఉంది నాన్నగారూ. నిరుడు సెలవుల్లోనే కాగితంమీద ఎక్కించుకున్నాను," అంది అమ్మాయి. "కాని ఆ అమావాస్యకు గ్రహణం కుదరడంలేదు."

మిత్రులు ఉలిక్కిపడ్డారు. "అంటే? మాది దొంగశాసనమంటావా?"

"అప్పుడే అననుగా. గడిచిన శకమో, నడిచే శకమో చూడాలి," అంటూ అమ్మాయి నా బీరువా కేసి నడిచింది.