చెరువుకైనా పొయ్యికైనా... ఊపిరాడాలి!

చలి మొదలైందంటే చెరువు గట్టు మీద రెండు పనులు ముందుకొస్తాయి. నీళ్లలో చేపలకు మేత, ఒడ్డున మనుషులకు మంట. రెండిట్లోనూ కాస్త ఎక్కువ వేస్తేనే మంచిదనిపిస్తుంది. ముప్పు వచ్చేదీ అక్కడే!

తెల్లవారుజాము అయిదు గంటలు. కొల్లేరు చుట్టుపక్కల చేపల చెరువుల మీద ఎదురు గట్టు కనిపించనంత మంచు. కాపలా పాక ముందు తాటి మట్టలతో వేసిన చలిమంట. దాని పక్కన కూర్చున్న కాపలాదారు చేతులు మంట వైపు చాపుతాడే గానీ చూపు మాత్రం నీళ్ల మీదే ఉంటుంది. చేపలు గుంపులుగా పైకి తేలి, నోళ్లు తెరిచి గాలి మింగుతున్నాయంటే ఇక పరుగే. ఏరేటర్లు వేయాలి, లేదంటే మోటారు పెట్టి చెరువు నీటినే తోడి మళ్లీ అందులోకే ఎత్తు నుంచి పడేలా చెయ్యాలి. ఆలస్యమైతే ఏడాదిపాటు పెంచిన పంట పొద్దెక్కేసరికి ఒడ్డున తేలుతుంది.

ఆ తెల్లవారుజాము గండానికి కారణం చాలాసార్లు ముందురోజు ఉదయమే పడి ఉంటుంది. మేత బస్తా రూపంలో!

చలికి చేప ఆకలి చల్లబడుతుంది

చలి పెరిగితే మనకు ఆకలి ఎక్కువవుతుంది. వేడివేడిగా రెండు ముద్దలు ఎక్కువే తింటాం. చేప సంగతి దీనికి పూర్తిగా విరుద్ధం. అది శీతల రక్త జీవి. నీరు ఎంత చల్లగా ఉంటే దాని ఒళ్లూ అంతే చల్లగా ఉంటుంది. జీర్ణశక్తి మందగిస్తుంది, తిరుగుడు తగ్గుతుంది, ఆకలీ తగ్గుతుంది. మన చెరువుల్లో పెరిగే బొచ్చె, శీలావతి, మోసు రకాలకు నీటి వేడి 25 నుంచి 32 డిగ్రీల మధ్య ఉంటే హాయి. 20 డిగ్రీల కంటే దిగితే మేత మీద ధ్యాసే ఉండదు.

కొల్లేటి ప్రాంతంలో మేత వేసే పద్ధతి చూడముచ్చటగా ఉంటుంది. రైతులు డీఓబీ అని పిలిచే నూనె తీసిన తవుడును, వేరుశనగ చెక్కను లేదా పత్తి చెక్కను కలిపి బస్తాలకెత్తుతారు. బస్తాల అడుగున వరుసగా చిల్లులు పెట్టి, చెరువులో పాతిన వెదురు కర్రలకు కడతారు. చేపలు వచ్చి చిల్లుల్లోంచి మేతను లాక్కుంటాయి. వేసవిలో అయితే కాసేపటికే బస్తా తేలికైపోతుంది. డిసెంబరులో అదే బస్తా మధ్యాహ్నానికి కూడా బరువుగానే వేలాడుతుంది. చేప రాసి పంపిన ఉత్తరం లాంటిది అది. ‘ఇక చాలు’ అని!

ఆ ఉత్తరం చదవగలిగే మనిషి గట్టు మీద ఉండాలి.

‘‘నిన్న కట్టిన బస్తాల్లో సగం అలాగే ఉందండీ’’ అంటాడు మేత పడవ దిగిన పెద్దాయన.

‘‘అయితే ఇయ్యాళ కట్టకు బాబాయ్. రేపు పొద్దెక్కాక చూసి, సగమే వేద్దాం’’ అంటాడు కుర్ర రైతు.

ఈ రెండు మాటలూ చెరువును కాపాడే మాటలు. మిగిలిన మేతను తీసేయకుండా దానిమీద కొత్త బస్తా కట్టే చోటే గొడవ మొదలవుతుంది. తినని మేత నాని, జారి, అడుగున చేరి కుళ్లుతుంది. కుళ్లడానికి ఆక్సిజన్ కావాలి. ఆ ఆక్సిజన్ చేపలది! కుళ్లిన మేత నుంచి పుట్టే అమోనియా మరో బాధ.

చల్లని నీళ్లలో ఆక్సిజన్ ఎక్కువ కదా?

నిజమే. 30 డిగ్రీల వేడి ఉన్న లీటరు నీళ్లలో సుమారు ఏడున్నర మిల్లీగ్రాముల ఆక్సిజన్ ఇమిడితే, 20 డిగ్రీల నీళ్లలో దాదాపు 9 మిల్లీగ్రాములు ఇముడుతుంది. మరి చలికాలం తెల్లవారుజామున చేప ఎందుకు నోరు తెరుస్తుంది? ఇముడ్చుకునే వీలుండటం వేరు, నిజంగా ఉండటం వేరు. గాదె పెద్దదైనంత మాత్రాన ధాన్యం నిండుగా ఉండాలని లేదు.

చెరువుకు ఆక్సిజన్ అందించేది ముఖ్యంగా నీటిని ఆకుపచ్చగా మార్చే సూక్ష్మమైన నాచు. అది ఎండ ఉంటేనే పనిచేస్తుంది. పొద్దున ఎంతకీ విడవని మంచు, రోజంతా మబ్బు... అలాంటప్పుడు ఉత్పత్తి తగ్గిపోతుంది. రాత్రయితే నాచు కూడా చేపలతో పాటు ఆక్సిజన్‌ను వాడుకునేదే. అందుకే సూర్యోదయానికి ముందు నిల్వ అడుగంటుతుంది. దీనికి తోడు రాత్రి చలికి పైనీరు చల్లబడి, బరువెక్కి కిందికి దిగుతుంది. అడుగున ఉన్న, ఆక్సిజన్ తక్కువైన నీరు పైకొస్తుంది. అడుగున కుళ్లిన మేత కూడా పేరుకుని ఉంటే ఇక చెప్పేదేముంది! లీటరుకు 5 మిల్లీగ్రాములు ఉంటే చేపకు నిశ్చింత. మూడుకు దిగితే ఉక్కిరిబిక్కిరి.

అందుకే చలికాలపు మేతకు ఒకే సూత్రం: క్యాలెండరును కాదు, నీటిని చూసి వేయాలి. ఉదాహరణకు చెరువులో వెయ్యి కిలోల చేప ఉండి, బరువులో 2 శాతం లెక్కన రోజుకు 20 కిలోల మేత వేస్తున్నారనుకోండి. చలి ముదిరి బస్తాలు మిగులుతుంటే 10 కిలోలకు దిగడం తప్పు కాదు. మబ్బు పట్టిన రోజున పూర్తిగా మానేసినా చేప చచ్చిపోదు. తెల్లారకుండా కాకుండా, ఎండ వచ్చి నీరు కాస్త వెచ్చబడ్డాక వేయాలి. చేపల పెంపకంలో ఖర్చులో సగానికి పైగా మేతదే కాబట్టి మిగిలిన ప్రతి బస్తా డబ్బు కూడా.

మేత తగ్గించడమంటే కడుపు మాడ్చడం కాదు. చలికాలంలో చేపకు ఒంట్లో సత్తువ తక్కువ. పేను పట్టినా, ఒంటి మీద ఎర్ర మచ్చలు లేచి పుండ్లయినా తట్టుకోలేదు. ఈ పుండ్ల జబ్బు మన దేశంలో 1988లో కనిపించింది. నీరు చల్లబడినప్పుడు విజృంభించే బూజు లాంటి జీవి దానికి మూలం. కొర్రమీనును అది బాగా బాధిస్తుంది. మచ్చలు కనిపిస్తే తోచిన మందు పోయకుండా మత్స్యశాఖ వారికి చూపించాలి. సున్నం ఎంత వేయాలన్నదీ నీటి పరీక్షను బట్టే.

కట్టె ఎండితేనే కాలుతుంది

ఇప్పుడు ఒడ్డుకొద్దాం. ఉమ్మడి రాష్ట్రంలో 1999లో దీపం పథకం, దేశమంతటా 2016లో ఉజ్వల పథకం వచ్చాక పల్లెల వంటింట్లోకి గ్యాసు బాగానే చేరింది. అయినా చలికాలం వస్తే పెరట్లో వేణ్ణీళ్ల పొయ్యి రాజుకోవాల్సిందే. గట్టు మీద కాపలా పాకల్లో, పొలాల దగ్గర, కూలీల గుడిసెల్లో వంట కూడా చాలాచోట్ల కట్టెల మీదే.

పచ్చి కట్టె బరువులో సగానికి దగ్గరగా నీరే ఉంటుంది. పొయ్యిలో పెడితే మంట ముందు ఆ నీటిని ఆవిరి చేసే పనిలో పడుతుంది. కాగులో నీళ్లు మాత్రం కాగవు. సెగ తక్కువ, పొగ ఎక్కువ. ఊదీ ఊదీ కళ్లు ఎర్రబడేది ఇంటి ఇల్లాలికి. ఎండిన కట్టెలో తేమ 20 శాతం లోపు ఉండాలి. దానికి పరికరం అక్కర్లేదు. రెండు కట్టెలు ఒకదానితో ఒకటి కొట్టి చూస్తే పచ్చిది ‘దబ్’మంటుంది, ఎండింది ‘టంగ్’మంటుంది. కోసిన కొనలో చక్రంలా పగుళ్లు కనిపిస్తే సిద్ధమైనట్టే.

కోస్తాలో అక్టోబరు, నవంబరుల్లో వాయుగుండాలు, తుపానులు మామూలే. అందుకే చలికాలపు కట్టెను వేసవి ఎండల్లోనే చీల్చి ఆరబెట్టేవారు పెద్దలు. సరుగుడైనా, తుమ్మయినా, సుబాబులైనా దుంగలా ఉంటే నెలలు గడిచినా లోపల పచ్చే. చీలిస్తేనే ఎండుతుంది. నేలకు తగలకుండా రెండు దుంగలో ఇటుకలో వేసి, మధ్యలో సందు ఉండేలా పేర్చాలి. పైన మాత్రమే కప్పాలి. పక్కలు కూడా టార్పాలిన్‌తో చుట్టేస్తే తేమ లోపలే ఉండిపోయి బూజు పడుతుంది. కట్టెల మోపులో తేళ్లూ పాములూ చేరతాయి కాబట్టి ఇంటి గోడకు ఎడంగా పేర్చి, తీసే ముందు కర్రతో తట్టి చూడటం పాత అలవాటు. మంచి అలవాటు!

తలుపు మూస్తే...

చెరువుకు ఊపిరాడకపోతే ఏమవుతుందో చూశాం. గదికి ఊపిరాడకపోయినా అంతే. చలికి ఓర్వలేక కుంపట్లో బొగ్గులు వేసుకుని, తలుపు బిగించుకుని పడుకోవడం ప్రాణాంతకం. గాలి చాలక సగం కాలిన నిప్పు నుంచి కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. తలనొప్పి, వికారం, మత్తు... నిద్రలో ఉన్నవారికి ఆ హెచ్చరిక కూడా తెలియదు. మంట లేదు, పొగ లేదు కదా అనుకోవడానికి లేదు. ఎర్రగా కనిపించే బొగ్గులే అసలు ప్రమాదం. పాకలోనైనా పక్కా ఇంట్లోనైనా పడుకునే ముందు కుంపటి బయట పెట్టాల్సిందే.

రోజూ పీల్చే పొగా తక్కువది కాదు. ఇళ్లలో వంటచెరకు, బొగ్గు వంటివి కాల్చగా వచ్చే పొగ వల్ల 2020లో ప్రపంచవ్యాప్తంగా సుమారు 32 లక్షల మంది చనిపోయారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. పొయ్యి వసారాలోకి మార్చినా, పైన పొగ పోయే దారి పెట్టినా, ఎండిన కట్టె వాడినా ఇల్లాలికి, ఆమె చుట్టూ తిరిగే పసివాళ్లకు అంత మేలు. భోగి నాడు కూడా పాత కట్టెలు, పిడకలే వేయండి. టైర్లు, ప్లాస్టిక్, రంగు వేసిన చెక్కలు వద్దు.

పెరట్లో తొట్టి ఉందా?

చెరువు లేకపోయినా పెరటి తొట్టిలో గోల్డ్‌ఫిష్ పెంచుకునే ఇళ్లు ఉన్నాయి. వాటికీ ఇదే లెక్క. అయిదు నిమిషాల్లో తినగలిగినంతే వేయాలి. మిగిలింది వలతో తీసేయాలి. ‘పాపం, చలికి ఆకలేస్తుందేమో’ అని పిల్లలు రెండోసారి గుప్పెడు తెచ్చినప్పుడు కసరకుండా నీళ్లలో వేలు పెట్టి చూడమనండి. ‘చేపకూ ఇంత చల్లగానే ఉందిరా కన్నా, అందుకే దానికి ఆకలి లేదు’ అని చెబితే పాఠం పుస్తకం లేకుండానే అర్థమవుతుంది.

మళ్లీ గట్టు మీదికి. ఏడు దాటింది. మంచు విడుతోంది. చేపలు పైకి రాలేదు. కాపలాదారు చలిమంట మీద నీళ్లు చల్లి, ఆరిందో లేదో కర్రతో కెలికి చూసి, మేత పడవ వైపు నడుస్తాడు. ముందు నిన్నటి బస్తా ఎత్తి బరువు చూస్తాడు. ఇవాళ్టి మేత ఎంతో ఆ తరువాతే తేలుతుంది.