ఆగస్టులో మంచు!

పిల్లలూ! ఈ నెల మిమ్మల్ని మోటారుసైకిలు మీద ఇటలీ దేశం తీసుకుపోతాను. గట్టిగా పట్టుకుని కూర్చోండి!

ఇటలీకి ఉత్తరాన ఆల్ప్స్ పర్వతాలున్నవి. అందులో స్టెల్వియో అనే కనుమ ఒకటి. దాని ఎత్తు సుమారు 2,757 మీటర్లు. ఆ ప్రాంతం ఆస్ట్రియా సామ్రాజ్యంలో ఉన్న రోజుల్లో, 1820 నుంచి 1825 దాకా శ్రమపడి, కార్లో డొనెగాని అనే ఇంజనీరు దానిమీదుగా బాట వేయించాడు. ఉత్తరపు వైపునుంచి ఎక్కితే జడపిన్నులా వంగిన మలుపులు 48 వస్తాయి. ప్రతి మలుపుకూ అంకె ఉంటుంది. చలికాలంలో ఆ బాట మూసివేస్తారు. వేసవిలో మాత్రం దేశదేశాల మోటారుసైకిళ్ళు బారులు తీరతాయి.

ఇప్పుడు ఆగస్టు నెల, అక్కడ వేసవి. లోయలో సన్నని తుంపర. వేడి 12 డిగ్రీలు. "ఈపాటి వానకు భయమా?" అని మీరు బయలుదేరారు. 30 మలుపులు దాటేసరికి చినుకులతోబాటు మంచుతునకలు పడసాగాయి! వేసవిలో మంచేమిటి?

సైకిలు ట్యూబులోంచి గాలి వదిలి చూడండి, చల్లగా తగులుతుంది. ఇరుకునుంచి బయటపడి వ్యాపించే గాలి చల్లబడుతుంది. కొండపైకి పోయే గాలికీ అంతే. పైన ఒత్తిడి తక్కువ గనుక అది వ్యాపించి చల్లబడుతుంది. 1,000 మీటర్లు ఎక్కితే సుమారు ఆరున్నర డిగ్రీలు తగ్గుతుంది. లోయకూ కనుమకూ తేడా 1,800 మీటర్ల పైమాటే. అంటే లోయలో 12 డిగ్రీలుంటే, పైన సున్న!

ఇక మీ సంగతి. వేలు తడిపి ఊదుకోండి, ఎంత చల్లన! తడి ఆరుతూ ఒంటి వేడిని లాగేస్తుంది. గాలి 5 డిగ్రీలున్నా, గంటకు 50 కిలోమీటర్ల వేగంతో పోయేవాడికి సున్నకన్న తక్కువ చలిలాగే ఉంటుంది. ముందు వేళ్ళు మొద్దుబారతాయి. బ్రేకు నొక్కవలసింది ఆ వేళ్ళతోనే గదా!

కనుమకు అవతల స్నేహితులు ఎదురుచూస్తున్నారు. రాత్రి బసకు డబ్బు కూడా కట్టేశారు. ఇంకా 18 మలుపులే! ఏం చేస్తారు?

తెలిసినవాడు బాట తెల్లబడకముందే బండి వెనక్కు తిప్పుతాడు. మంచు పేరుకున్నాక దిగడం ఎక్కడంకన్న కష్టం. కోటులోపల నాలుగు వార్తాపత్రికలు దోపుకుంటాడు. కాగితాల మధ్య చిక్కుకున్న గాలి ఒంటి వేడిని పోనివ్వదు. మెల్లగా లోయకు దిగి, వేడిపాలు తాగి, స్నేహితులకు కబురు పంపుతాడు. బస డబ్బు పోతే పోయింది.

రెండు వందల ఏళ్ళుగా ఆ బాట అక్కడే ఉన్నది. రేపు ఎండ కాస్తే, మళ్ళీ ఎక్కవచ్చు. కొండ ఎక్కడికీ పోదు!