ఏటి నడుమ అమ్మవారు

ఇంగ్లండులో లిండిస్‌ఫార్న్ అని ఒక చిన్న దీవి ఉంది. సముద్రం రోజుకు రెండుసార్లు పొంగి అక్కడికి పోయే దారిని ముంచేస్తుంది. మళ్ళీ తీసి దారి ఇస్తుంది. క్రీ.శ. 635లో ఏడన్ అనే సన్యాసి అక్కడ మఠం పెట్టాడు. 793లో వైకింగులు ఓడలమీద వచ్చి దోచుకుపోయారు. ఇప్పుడు యాత్రికులు కార్లలో పోతారు. ఏ పూట దారి తేలుతుందో ముందుగానే అచ్చువేసి పెడతారట. అయినా లెక్క తప్పే మహానుభావులు ఉంటారు గదా! వాళ్ళకోసం దారి నడుమ గుంజలమీద ఒక గది కట్టి ఉంచారు. కారు మునిగినా మనిషి అందులోకి ఎక్కి కూర్చోవచ్చు.

ఈ ముచ్చట చెబితే మా అమ్మ, "మన ఏడుపాయలకు గసోంటి చిట్టీ ఎవలన్న రాస్తే మంచిగుండు బిడ్డా" అన్నది.

ఆమె బాధ ఆమెది. నాకు ఆపరేషన్ అయిననాడు ఏడుపాయల దుర్గమ్మకు ఒడిబియ్యం పోస్తానని మొక్కింది. 2025 భాద్రపదంలో ఒక ఆదివారం, చీకటితోనే శివ్వంపేటలో బయలుదేరి, నర్సాపూర్, కౌడిపల్లి మీదుగా పోయాము. పోతే ఏముంది? అమ్మవారు ఏటి నడుమ ఉన్నది, మేము ఒడ్డున ఉన్నాము.

తెలియనివారికి చెబుతాను. మంజీర అక్కడ ఏడు పాయలుగా చీలుతుంది. పాయకొక ఋషి పేరు. జనమేజయుడు సర్పయాగం చేసిన చోటు ఇదేనని మావాళ్ళు చెప్పుకుంటారు. పాయల నడుమ, బండల సందున వనదుర్గ గుడి. గుడికి ఎగువన 1905లో నిజాం ఏలుబడిలో కట్టిన ఘనపురం ఆనకట్ట. దాని నుంచే మహబూబ్ నహరు, ఫతే నహరు పారి మెదకు పొలాలు పండుతాయి. ఇంకా పైన 29.9 టి.యం.సి.ల సింగూరు. ఆ గేట్లు ఎత్తారా, ఆనకట్ట దూకి ఏరంతా గుడిమీదికే వస్తుంది. లిండిస్‌ఫార్న్‌కు చంద్రుడు, మాకు సింగూరు గేట్లు. చంద్రుడికి పంచాంగం ఉంది. బీదరులో ఎంత వాన పడుతుందో ఏ పంచాంగం చెబుతుంది?

ఆ వానకాలంలో గుడి చాలా రోజులు మూసే ఉన్నది. రాజగోపురం దగ్గర ఉత్సవ విగ్రహం పెట్టి పూజ చేస్తున్నారు. అందరూ అక్కడే కొబ్బరికాయ కొట్టి పోతున్నారు.

"ఇక్కడనే పోద్దామే అమ్మా, ఆమె వేరు ఈమె వేరా?" అన్నాను.

"వేరు గాదు. గని నేను మొక్కింది లోపల కూసున్న తల్లికి. నీకు సుస్తీ అయిననాడు నేను దవాఖాన గేటుకాడనే మొక్కి ఇంటికొచ్చిన్నా?"

నోరు మూసుకున్నాను. బియ్యం మూటతో సహా శివ్వంపేట చేరుకున్నాము. ఆ బియ్యానికి పురుగు పడితే ఏరింది, చెరిగింది, ఎండబోసింది. వేరే బియ్యం తీసుకుందామంటే ఒప్పుకోలేదు.

మాఘంలో, జాతర జనం రాకముందే మళ్ళీ పోయాము. ఈసారి వింత ఏమంటే ఏట్లో నీళ్ళే లేవు! శివరాత్రి జాతరకు వచ్చేవాళ్ళ స్నానాలకని సింగూరు నుంచి నీళ్ళు వదులుతారు. ఆ నీళ్ళింకా రాలేదు. భాద్రపదంలో వద్దన్నా వచ్చిన నీరు, మాఘంలో అడిగితే తప్ప రాదన్నమాట. మా అమ్మ చెప్పులు విడిచి, బండలమీద తడి లేకుండా నడిచింది. ఒడిబియ్యం పోసింది. ఎనిమిది పదుల మనిషి, వంగి లేవడానికి ఎంతోసేపు పట్టింది.

బయటికి వచ్చాక మండపం గోడమీద ఎర్రటి మట్టిచార కనబడింది. అమ్మ దాని పక్కన నిలబడి, చేత్తో కొలుచుకుంది. చార ఆమె భుజం దాటి ఉన్నది.

"గింత నీళ్ళల్ల ఒక్కతే ఎట్లున్నవే తల్లీ!" అని లోపలికి చూసి అన్నది.