ఆ సర్టిఫికెట్‌కి భయపడకండి

మీ అబ్బాయి నోటితో చక్కగా జవాబు చెబుతాడు. రాయమంటే ‘మ’కి ‘య’, ‘ప’కి ‘వ’ పడిపోతాయి. బద్ధకం అనుకుని ఇంకో ట్యూషన్ పెట్టిస్తాం. అది డిస్లెక్సియా కావచ్చు. అప్పుడు కావలసింది పదిసార్లు రాయించే ట్యూషన్ కాదండీ, అక్షరాన్నీ శబ్దాన్నీ ఓపికగా కలిపి నేర్పే స్పెషల్ ఎడ్యుకేటర్.

2016 వికలాంగుల హక్కుల చట్టం దీన్ని గుర్తించింది. సర్టిఫికెట్ ఉంటే సీబీఎస్ఈ మూడు గంటల పరీక్షకు మరో గంట ఇస్తుంది, స్క్రైబ్‌నీ అనుమతిస్తుంది. అయినా ‘రేపు పెళ్లి సంబంధాలప్పుడో?’ అని ఆగిపోయే తల్లిదండ్రులున్నారు. మూడో తరగతి పిల్లాడికి పెళ్లి సంబంధాలా! పదో తరగతి దాకా దాచితే, మార్కుల సంగతి అటుంచండి, ‘నాకు చదువు రాదు’ అన్నది వాడి మనసులో గట్టిపడిపోతుంది.

ఈసారి పేరెంట్ టీచర్ మీటింగులో ర్యాంకు తర్వాత అడుగుదురుగాని. చదివేటప్పుడు మీవాడు ఎక్కడ తడబడుతున్నాడో ముందు అడగండి.