పరదేశమున వృద్ధసేవ

చదువు ముగిసిన పిమ్మట నొక సంవత్సరము పరదేశమునకు పోయి, అచ్చట నొక వృద్ధునికో వృద్ధురాలికో ఇంటిపనులలో తోడ్పడుట నేడు పెక్కు దేశముల యువజనులలో వాడుకగా నున్నది. ఇందు జీతము లేదు. సాధారణముగా వసతి, భోజనము, కొంత చేతిఖర్చు మాత్రము లభించును. మన విద్యార్థులలో కొందఱికిని ఇట్టి కోరిక కలుగవచ్చును. కోరిక మంచిదే. అయినను బయలుదేరుటకు ముందు ఒక ప్రశ్న వేసికొనవలెనని మా యభిప్రాయము. ఆ వృద్ధురాలికి కావలసిన సాయమును ఆ యూరివారే చేయగలిగినప్పుడు, వేల మైళ్ల దూరమునుండి మన మేల పోవలయును?

ఈ ప్రశ్నకు తగిన యుత్తర మిచ్చిన సంఘ మొకటి జర్మనీ దేశమున కలదు. దాని పేరు ఆక్ట్సియోన్ జ్యూనెట్సైహెన్. ప్రాయశ్చిత్తమునకు గుఱుతైన కార్యమని దాని భావము. 1958లో జర్మనీ ప్రొటెస్టెంటు సంఘముల మహాసభయందు లోథార్ క్రైసిగ్ అను న్యాయాధిపతి దీనికై పిలుపు నిచ్చెను. 1940లో నాజీ ప్రభుత్వము మనోరోగులను చంపించుచుండగా ఆయన దాని నెదిరించి, ఆ కారణమున పదవిని పోగొట్టుకొనెను. తమ దేశమువలన బాధపడిన జనులయొద్దకు పోయి, మా చేతులతో మీకు కొంత మేలు చేయ ననుమతింపుడని వేడుకొనుటయే ఆ పిలుపులోని సారము.

మొదట నా యువజనులు నార్వే, హాలండు దేశములలో కట్టడపు పనులు చేసిరి. 1961లో మొదటి బృందము ఇజ్రాయేలునకు పోయెను. 1940లో జర్మను బాంబులకు కూలిన కొవెంట్రీ దేవాలయపు శిథిలములలోను కొందఱు పనిచేసిరి. కాలక్రమమున మనుష్యులకు తోడుగా నుండు పని హెచ్చినది. నేడు వారు సాధారణముగా నొక సంవత్సర ముందురు. నాజీల హింసనుండి బ్రతికి బయటపడిన వృద్ధుల యిండ్లకు పోయి, సరకులు తెచ్చియిచ్చుట, వైద్యునియొద్దకు వెంటబోవుట, కూర్చుండి వారు చెప్పినది వినుట వారి పనులలో నొకటి. ఆ వృద్ధులలో మిక్కిలి చిన్నవారికిని 80 ఏండ్లు దాటినవి.

సరకులు పొరుగువారును తేగలరు. కాని తన వారిని చంపిన దేశపు పిల్లవాడు తన వాకిట నిలిచి, "అమ్మా, మీకేమి కావలెను?" అని యడుగుట పొరుగువానివలన కాదు. ఇచ్చట దూరమునుండి వచ్చుటయే సేవలో ముఖ్యభాగము. కొందఱు వృద్ధులు తలుపు తీయకపోయినను, అది వారి హక్కు.

తాతల తప్పునకు మనుమడేల పూనుకొనవలెనని కొంద ఱడుగుదురు. నేరము వానిది కాదు, నిజమే. అయినను తండ్రి పొలమును పొందిన కొడుకు దానిమీది అప్పునుగూడ పొందుట మన పల్లెలలో నెల్లరు నెఱిగినదే.

కావున పోదలచినవారు మూడు విషయములు చూచుకొనవలెను. మొదటిది భాష. మాట తెలియని సహాయకుడు వృద్ధులకు మఱియొక భారమగును. రెండవది కాలము. పదునైదు దినములుండి పోవువాడు, ముసలివారికి తన పేరు అలవాటగునప్పటికి వెడలిపోవును. మూడవది హద్దు. మంచము పట్టినవారిని లేవనెత్తుట, మందు లిచ్చుట నేర్చినవారి పని. దానికి జీతమిచ్చి మనిషిని పెట్టవలెను. ఆ ఖర్చు తప్పించుకొనుటకు ఉత్సాహముగల బాలుని వాడుకొనుట ఇద్దఱికిని అన్యాయము.

పోవుటకు ఇట్టి కారణము లేనివారి మాట యేమి? మన కృష్ణా, గుంటూరు మండలములలో బిడ్డలు అమెరికాలో నుండగా, పెద్ద యింటిలో ఇద్దఱు ముసలివారు మాత్రమే మిగిలిన కుటుంబములు కలవు. డబ్బు వచ్చుచునే యుండును. బ్యాంకు కాగితము నింపుటకు, ఆసుపత్రిలో వరుసలో నిలుచుటకు, సాయంకాలము కొంతసేపు మాటలాడుటకు మనిషి యుండడు. వారి భాష మనకు వచ్చును. ఒక సంవత్సరమే కాదు, చదువు ముగియువఱకును ప్రతి వారము పోవచ్చును. పరదేశసేవ కోరు విద్యార్థులు మొదట నట్టి యొక యింటి తలుపు తట్టుదురుగాక. అచ్చట ఓర్పు నేర్చినవారు పిమ్మట ఏ దేశమునకు పోయినను ఉపయోగపడుదురు.