అట్ట మీద చిన్న అక్షరాల పేరు



మన ఇండ్లల్లో చాలామంది దగ్గర ‘రాజ్‌కుమార్ హిట్స్’ అని ఒక క్యాసెట్ ఉండేది. అట్ట మీద రాజన్న బొమ్మ పెద్దగా ఉంటుంది. పాడినాయన పేరు మాత్రం వెతికితే గానీ కనపడదు. ఇప్పుడు పిల్లోళ్లు అవే పాటలు పెన్‌డ్రైవ్‌లో ఎక్కించి ఇస్తా ఉన్నారు. అందులో ఆ చిన్న పేరు కూడా లేదు.

ఆ పాత పాటల్లో ఎక్కువ పాడింది పి.బి. శ్రీనివాస్. పూర్తి పేరు ప్రతివాది భయంకర శ్రీనివాస్. 1930లో కాకినాడలో పుట్టిన మన తెలుగాయన. 1952లో ‘మిస్టర్ సంపత్’ అనే హిందీ సినిమాతో పాట మొదలుపెట్టినాడు. తమిళంలో జెమినీ గణేశన్‌కు, కన్నడంలో రాజ్‌కుమార్‌కు ఆయన గొంతే. తెలుగులో ‘మంచి మనిషి’ (1964), ‘ప్రేమించి చూడు’ (1965) పాటలు పెద్దోళ్లకు గుర్తుంటాయి. ఆయన అరిచి పాడడు. పక్కన కూచుని మాట్లాడినట్టు పాడతాడు. షిఫ్టు దిగి వచ్చి, చెవుల్లో మిషన్ల రొద ఇంకా పోకముందు, మాకు అట్లాంటి గొంతే హాయిగా ఉండేది.

ఇప్పుడు ఎందుకు చెప్తున్నానంటే, నవంబరు ఒకటి వస్తాంది. రాజ్యోత్సవం. మైకుల్లో ‘గంధద గుడి’ (1973) సినిమాలోని కన్నడ నుడి పాట మోగుతుంది. ఆరో తరగతి చదివే మా మనవరాలు, “తాతా, ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్లు ఆ పాట పాడొచ్చా?” అని అడిగింది. బడిలో ఎవరో ఏమో అన్నారంట. ఇది కొత్త మాట కాదు. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు ఆదోని, ఆలూరు, రాయదుర్గం అటు పోయినాయి, బళ్ళారి మైసూరులో కలిసింది. మీరు ఎటువాళ్లు అని మనల్ని అడిగేవాళ్లు అప్పటినుంచీ ఉన్నారు. పాపకు నేను ఒకటే చెప్పినా: “ఆ పాట పాడిందే కాకినాడాయన. నువ్వు గట్టిగా పాడు.”

బట్ట తాను మీద మిల్లు ముద్ర పడుతుంది. తెగిన దారం అతికించినోళ్ల పేరు పడదు. కట్టుకున్నోళ్లూ అడగరు. మనకు అది అలవాటే. కానీ మన పిల్లోళ్లకు ఎవరి పని ఏదో తెలియకపోతే, ఎవరేమన్నా నమ్మి తల వంచుకుంటారు.

1974లో ‘సంపత్తిగె సవాల్’ తర్వాత రాజ్‌కుమార్ తన పాటలు తానే పాడుకుంటా వచ్చినాడు. శ్రీనివాస్‌కు ఆ పని తగ్గిపోయింది. మిల్లు గేటుకు తాళం పడింది చూసిన మనకు అదెట్లా ఉంటుందో వేరే చెప్పాల్సిన పని లేదు. ఆయన మాత్రం జేబు నిండా రంగురంగుల పెన్నులు పెట్టుకుని, మద్రాసులో ఉడ్‌ల్యాండ్స్ డ్రైవ్ ఇన్ హోటల్లో కూచుని కవితలు రాసుకునేవాడు. ఎనిమిది భాషల్లో రాసినాడు. 2013 ఏప్రిల్ 14న చెన్నైలో కన్ను మూసినాడు.

పాత క్యాసెట్ ఉన్నోళ్లు పారేయొద్దు. టేపు తెగినా అట్ట దాచిపెట్టండి. ఆ చిన్న అక్షరాలు పిల్లోళ్లతో ఒకసారి పైకి చదివించండి. నవంబరు ఒకటిన మైకు మోగేలోపల ఆ పేరు వాళ్ల నోట్లో ఉండాల.

వచ్చే నెల కలుస్తాను.